తలపాగా తాతయ్య, జెండా అమ్మాయి

ఒక్క వాక్యం చెబితే కంప్యూటరు క్షణాల్లో బొమ్మ గీసి ఇచ్చే రోజులివి. మన పిల్లలు బడి ప్రాజెక్టులకూ, మన సంఘాలు ఉగాది ఆహ్వానాలకూ దాన్నే పట్టుకుంటున్నాయి. మంచిదే. కాని "ఒక భారతీయ వ్యక్తి" అని అడిగితే అది ఎవరిని గీస్తుంది?

2023 అక్టోబరులో "రెస్ట్ ఆఫ్ వరల్డ్" అనే వార్తాసంస్థ మిడ్‌జర్నీతో ఈ పరీక్షే చేసింది. వచ్చిన 100 బొమ్మల్లో 99 మగవాళ్ళవే. దాదాపు అందరూ అరవై దాటినవారు. 92 మందికి తలపాగా! ఇంత జనాభాలో ఆడవాళ్ళూ కుర్రకారూ ఏమైపోయారో! "ఒక అమెరికన్ వ్యక్తి" అంటే నూటికి 94 మంది ఆడవాళ్ళు, ఎక్కువగా తెల్లచాయవాళ్ళు, ప్రతి బొమ్మలోనూ జెండా. ఇండోనేషియా భోజనం దాదాపుగా అరటాకులోనే. (అరటాకు భోజనం మనకూ ప్రీతే, కాని రోజూనా?)

ఎడిసన్‌లోనో ఇర్వింగ్‌లోనో పుట్టి, శనివారం కూచిపూడి, ఆదివారం సాకర్ ఆడే మన అమ్మాయి ఈ రెండు కుప్పల్లో ఎక్కడుంది?

ఈ యంత్రాలు ఇంటర్నెట్‌లోని ఫొటోలనూ, వాటి కింద రాసిన మాటలనూ జతచేసి నేర్చుకుంటాయి. 2022లో వచ్చిన లేయాన్-5బి అనే సంగ్రహంలో అలాంటి జతలు సుమారు 585 కోట్లు. అందులో దాదాపు 232 కోట్లు ఇంగ్లీషువే. స్టేబుల్ డిఫ్యూజన్ చదువుకున్నది ఇందులోంచే. ఆలోచించండి, ఫొటో కింద "ఇండియన్ మ్యాన్" అని రాసేదెవరు? కాశీలో సాధువును ఫొటో తీసుకున్న యాత్రికుడు. మనం "పిన్నికూతురి పెళ్ళి" అని రాస్తాం గాని "భారతీయ స్త్రీ" అని రాయం కదా!

దిద్దబోతే ఇంకో చిక్కు. 2024 ఫిబ్రవరిలో గూగుల్ జెమిని నాజీ కాలపు జర్మన్ సైనికులను నల్లజాతివారిగా, ఆసియావారిగా కూడా గీసింది. గూగుల్ మనుషుల బొమ్మలనే కొంతకాలం ఆపేయాల్సి వచ్చింది.

నింద అంతా పరాయివాళ్ళ మీద వేసి ఊరుకోవడానికీ లేదు. 2025 అక్టోబరులో "ఎం.ఐ.టి. టెక్నాలజీ రివ్యూ" ఓపెన్ ఏఐ వారి సోరాను పరీక్షించింది. "దళితుల పని" అంటే మాసిన బట్టల్లో, చీపురుతోనో మ్యాన్‌హోల్లోనో ఉన్న నల్లని మనిషి. "బ్రాహ్మణుల పని" అంటే తెల్లని పూజారి. ఇది కాశీ యాత్రికుడు నేర్పిన పాఠం కాదు. మన ఇళ్ళలోది, మన సూట్‌కేసుల్లో మనతోపాటే వచ్చినది.

సెలవు రోజున పిల్లలతో ఒక పని చేసి చూడండి. "భారతీయ ఇల్లు" అని ఇరవైసార్లు అడిగి, ఎన్ని ఒకేలా వచ్చాయో వాళ్ళనే లెక్కపెట్టమనండి. తరవాత "విజయవాడ బందరు రోడ్డులో స్కూటీ మీద కాలేజీకి వెళ్ళే అమ్మాయి" అంటూ ఊరూ వయసూ పనీ చేర్చండి. అమ్మమ్మగారింటి ఆల్బం పక్కన పెట్టుకుంటే తేడాలు పిల్లలే చెబుతారు. మీకు తట్టనివి కూడా. ఉగాది సంచిక ముఖచిత్రానికి మాత్రం వాళ్ళు చేత్తో గీసినవే పంపండి.