అండమాన్ ఒడ్డు వెంట ప్రయాణం

విశాఖపట్నంలో ఓడ ఎక్కితే సుమారు మూడు రోజులకి అండమాన్ వస్తుంది. సోషల్ మాస్టారు మ్యాపులో చూపిస్తే చీమలబారులాగ కనిపించింది. నిజానికి అవన్నీ మునిగిపోయిన కొండలు. మయన్మార్‌లోని అరకాన్ కొండల వరుస సముద్రంలోకి దిగిపోయింది, దాని శిఖరాలే దీవులు. అన్నిటికన్నా ఎత్తయినది శాడిల్ పీక్, 732 మీటర్లు. అందుకే అక్కడ ఒడ్డంతా ఇసుక ఉండదు. చాలాచోట్ల కొండ నేరుగా నీళ్ళలో నిలబడి ఉంటుంది, అడవి కూడా నీళ్ళ దాకా దిగి వస్తుంది. ఉప్పునీళ్ళ పాయల్లో మడ చెట్లుంటాయి. వాటి వేళ్ళు బురదలోంచి పైకి లేచి గాలి పీల్చుకుంటాయి. మొసళ్ళు కూడా ఉన్నాయి, చెయ్యి కిందికి పెట్టకూడదు!

పోర్ట్‌బ్లెయిర్ నుండి (2024లో దానికి శ్రీ విజయపురం అని పేరు పెట్టారు) ఉత్తరాన డిగ్లీపూర్ దాకా ఒక రోడ్డు ఉంది. సముద్రపు పాయ అడ్డం వచ్చిన చోట బస్సుని కూడా పంటు మీద ఎక్కించి దాటించేవారు. ఇప్పుడు ఒక్కొక్కటిగా వంతెనలు కడుతున్నారు.

దారిలో జిర్కాటాంగ్ అనే చోట గేటు ఉంటుంది. అక్కణ్ణుంచి జారవాల అడవి. 2011 జనాభా లెక్కల్లో వాళ్ళు 380 మందే. బళ్ళన్నీ వరసగా పోలీసులతో కలిసి పోవాలి. మధ్యలో ఆపకూడదు, దిగకూడదు, తినేవి ఇవ్వకూడదు, ఫోటో తియ్యకూడదు. బయటివాళ్ళ జబ్బులు వాళ్ళ ఒంటికి అలవాటు లేవు. 1998 ప్రాంతంలో వాళ్ళు అడవి దాటి బయటికి రావడం మొదలుపెట్టారు, 1999లోనే చాలామందికి తట్టు పోసింది. 2002లో సుప్రీంకోర్టు ఆ అడవిలో రోడ్డు మూసెయ్యమంది. బళ్ళు మాత్రం తిరుగుతూనే ఉన్నాయి. 2012లో అయితే జారవా ఆడవాళ్ళని తిండి కోసం డాన్సు చెయ్యమన్న వీడియో బయటపడింది.

ఇది చదివితే నాకు మా అవ్వ గుర్తొచ్చింది. సంతకి నడిచి పోతుంటే ఎవరో కారు ఆపి, అడక్కుండానే ఆమె ముక్కు పోగులు ఫోటో తీసుకున్నారు. చేతిలో పది రూపాయలు పెట్టి వెళ్ళిపోయారు. అవ్వ ఆ నోటు ఖర్చు పెట్టలేదు. ఇంకా మా ఇంటి దూలం సందులోనే ఉంది.

పోర్ట్‌బ్లెయిర్ నుండి మాయాబందర్, డిగ్లీపూర్ వైపు తూర్పు ఒడ్డు వెంట ఓడలు కూడా పోతాయి. అవి ఎవరి అడవిలోంచీ పోవు. కొండలు నీళ్ళ మీంచే బాగా కనిపిస్తాయి, రోడ్డు మీద పోతే రెండు పక్కలా చెట్లే కదా. నేను పోతే ఓడలోనే పోతాను. బస్సెక్కితేనే వాంతి చేసుకుంటావు, ఓడ ఎక్కుతావా అని మా గదిలో వాళ్ళు నవ్వుతున్నారు.