సున్నా... నిజంగా సున్నాయేనా?

డిసెంబరు తెల్లవారుజాము. పాడేరు కొండల మీద పొగమంచు ఇంకా వీడలేదు. సెల్‌ఫోన్ చూస్తే లంబసింగిలో ఉష్ణోగ్రత 0 డిగ్రీలు! విశాఖలో ఆ అంకె కనిపిస్తే నవ్వుకుని వదిలేస్తారు. లంబసింగి కాబట్టి నమ్మేస్తారు. పిల్లల్ని వెంటేసుకుని రాత్రికి రాత్రే కారెక్కేవాళ్లూ ఉంటారు. తీరా ఆ పూట కొలతే అందకపోతే... ఆ ఖాళీలో ప్రోగ్రామే సున్నా పెట్టేసి ఉంటే?

వాతావరణం చెప్పే యాప్ తనంతట తాను చలిని కొలవదు. ఎక్కడో ఉన్న సర్వర్‌ని అడిగి తెలుసుకుంటుంది. ఈ అడిగి పుచ్చుకునే ఏర్పాటే ఏపీఐ. జవాబు ఎక్కువగా 'జేసన్' రూపంలో వస్తుంది. 2000ల మొదట్లో డగ్లస్ క్రాక్‌ఫర్డ్ ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఇది. చూడ్డానికి ఉత్త అక్షరాల వరస: ఊరు పాడేరు, పిన్‌కోడ్ 531024, ఉష్ణోగ్రత ఇంత... దాన్ని విప్పి, ఏది పేరో, ఏది అంకో, ఏది తేదీయో తేల్చి దేని గడిలో దాన్ని పెట్టాలి. ఈ రకాలనే ప్రోగ్రామర్లు 'టైపులు' అంటారు. అచ్చం మన పోపులపెట్టె!

అంకెలా కనిపించేదల్లా అంకె కాదు. విశాఖ ఎస్టీడీ కోడ్ 0891ని అంకెల గడిలో వేస్తే ముందున్న సున్నా ఎగిరిపోయి 891 మిగులుతుంది. దాన్ని పేరులాగే దాచాలి.

అసలు చిక్కు ఖాళీతోనే. 'విలువ లేదు' అని చెప్పడానికి జేసన్‌లో 'నల్' ఉంది. కానీ 2009లో గూగుల్ తెచ్చిన 'గో' భాషలో మామూలు అంకెల గడి రాసుకుంటే, నల్ వచ్చినా, అసలేమీ రాకపోయినా కిక్కురుమనకుండా సున్నాయే ఉంటుంది. 'ఉండొచ్చు, లేకపోవచ్చు' అనే గడిని ప్రోగ్రామరే విడిగా రాసుకోవాలి. 'స్విఫ్ట్' భాష కాస్త మొండిది. అలాంటి గడి రాయకపోతే జవాబునే తిప్పికొడుతుంది. ఆ మొండితనమే మేలు. కాఫీ గింజలు కళ్లంలో ఆరబోసిన గిరిజన రైతు 'వాన 0 మిల్లీమీటర్లు' అన్న మాట నమ్మి పడుకుంటే, తెల్లారేసరికి పంట తడిసిపోవచ్చు. 'సమాచారం లేదు' అని కనిపిస్తే కనీసం ఓ పట్టా కప్పుకుంటాడు కదా!

జాగ్రత్త మరీ ఎక్కువైనా ఇబ్బందే. 2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలో 13 జిల్లాలు 26 అయ్యాయి. పాడేరు కేంద్రంగా అల్లూరి సీతారామరాజు జిల్లా వచ్చింది. జిల్లా గడిలో పాత 13 పేర్లే పట్టేలా రాసుకున్న ప్రోగ్రాముకి ఆ రోజు నుంచి పాడేరు జవాబు తప్పుగానే కనిపిస్తుంది, ఎవరో ఒకరు కూర్చుని కొత్త పేరు చేర్చేదాకా.