మంద వెంట కుక్క

ఎండాకాలంలో గొల్లకురుమలు గొర్రెలను తోలుకొని వలస పోతారు. రాత్రి చేలల్లో మంద పెడతారు. తోడేలు వస్తే ముందు మొరిగేది కుక్కే. మరి దాని బాగు మనం చూడాలి కదా!

దారిలో ఊరకుక్కలు దాన్ని కరుస్తాయి. అందులో పిచ్చికుక్క ఉంటే? అందుకే బయలుదేరే నెల ముందే పశువుల దవాఖానలో సూది వేయించండి. కుక్కపిల్లకు మూడు నెలలు నిండగానే వేయించాలి. ఏటేటా మళ్లీ వేయించాలి.

కుక్కకు మనలాగా ఒళ్లంతా చెమట పట్టదు. నాలుక చాపి రొప్పుతుంది. ఎండ ముదిరాక నడిపించకండి. నీడన ఉంచి నీళ్లు పెట్టండి.

కుక్క మనిషిని కరిస్తే పసరు, కారం పెట్టవద్దు. సబ్బుతో, పారే నీళ్లతో 15 నిమిషాలు కడగాలి. ఆ రోజే సర్కారు దవాఖానకు పోవాలి. చెప్పిన సూదులన్నీ వేయించుకోవాలి. పిచ్చికుక్క రోగం బయటపడితే ఇక ప్రాణం దక్కదు. రాకముందే ఆపుదాం.