విషాన్ని విరిచే నూలు

పత్తి పోగులో తొంభై శాతానికి పైగా ఉండేది సెల్యులోజ్. గ్లూకోజ్ అణువులు వేల సంఖ్యలో వరుసగా కూడి ఏర్పడిన ఇటువంటి గొలుసు అణువును రసాయన శాస్త్రం పాలిమర్ అంటుంది. ఆ గొలుసులోని ప్రతి గ్లూకోజ్ వలయానికీ మూడేసి హైడ్రాక్సిల్ సమూహాలు, అంటే ఆక్సిజన్, హైడ్రోజన్ పరమాణువుల జంటలు, అంటిపెట్టుకొని ఉంటాయి. నూలుగుడ్డ చెమటను పీల్చుకోవడం, రంగును పట్టుకోవడం, ఎండాకాలంలో ఒంటికి హాయిగా ఉండడం ఈ జంటల చలవే. గుంటూరు, ప్రకాశం మైదానాల్లో పత్తి, మిరప చేలకు మందు కొట్టే కూలీ చొక్కా ఆ మందును సైతం అంతే సులువుగా పీల్చుకొని, పని ముగిసేదాకా ఒంటికి అంటించి ఉంచడానికీ ఇవే కారణం. నూలుకున్న ఈ గుణాన్ని చెరపకుండానే దానికి మరొక గుణాన్ని అబ్బించి, మందు చుక్క చర్మాన్ని చేరేలోపే దాని విషాన్ని విరిచివేయవచ్చునని బెంగళూరులో జరిగిన పరిశోధన ఇటీవల నిరూపించింది. దాని అవసరం అందరికంటె ముందు ఈ మైదానానికే ఉంది. నూలును రసాయనంతో సంస్కరించే విద్య ఈ మైదానానికి కొత్తది కూడా కాదు.

చిరివేరు, ఆముదపు బూడిద

నేడు బాపట్ల జిల్లాలో ఉన్న నిజాంపట్నం పదిహేడో శతాబ్దపు ఐరోపా వర్తకుల రాతల్లో పెటపోలిగా కనిపిస్తుంది. 1606లో డచ్చివారు, 1611లో ఇంగ్లీషువారు అక్కడ వర్తక స్థావరాలు పెట్టుకున్నారు. ఆ తీరపు ఇసుక నేలల్లో దొరికే చిరివేరు ఎర్రరంగుకు పేరుమోసింది. ఆ వేరులోని అలిజరిన్ అనే రంగు పదార్థం తనంతట తాను నూలును గట్టిగా పట్టుకోలేదు. బట్టను ముందు కరక్కాయ కషాయంలోనూ పాలలోనూ నానబెట్టి ఆరవేసి, తరువాత పటిక నీరు పట్టిస్తే, కరక్కాయలోని టానిన్లు పటికలోని అల్యూమినియాన్ని పోగుకు బిగిస్తాయి. అలిజరిన్ ఆ అల్యూమినియంతో కలిసి ఉతుకుకు దిగని ఎర్రని సమ్మేళనంగా మారుతుంది. పోగుకూ రంగుకూ నడుమ ఇలా లంకెగా నిలిచే లోహ లవణాన్ని అద్దకపు పరిశ్రమ మోర్డెంట్ అని పిలుస్తుంది.

అదే తీరంలోని చీరాల పనివారు రంగు దగ్గరే ఆగక, పోగు స్వభావాన్నే మార్చే పని చేశారు. ఆముదపు కాయల తొక్కలను కాల్చి, ఆ బూడిదను నీళ్లలో నానబెట్టి, తేరిన క్షారపు నీటిలో నూనె కలిపితే తెల్లని చిక్కటి ద్రవం వస్తుంది. నూలు చిలపలను అందులో పిసికి, ఎండలో ఆరవేసి, మళ్లీ పిసికి, ఇలా రెండు మూడు వారాలపాటు సంస్కరించిన తరువాతనే వాటికి కట్లు కట్టి ఎరుపు, నలుపు రంగులు అద్దేవారు. అలా తయారైన తేలియా రుమాళ్లు అరబ్బు దేశాలకూ ఆఫ్రికా తీరానికీ ఎగుమతయ్యాయి. ఈ సంస్కారంలో జరిగే రసాయన క్రియను నేటి పరిభాషలో చెప్పాలంటే, క్షారం తగిలి నూనెలో కొంత భాగం సబ్బుగానూ కొవ్వు ఆమ్లాలుగానూ విడిపోతుంది, ఎండకూ గాలికీ వాటిలో కొన్ని ఆక్సీకరణం చెంది పోగును అంటిపెట్టుకొని నిలుస్తాయి, పటికలోని అల్యూమినియంతోనూ నీటిలోని కాల్షియంతోనూ కలిసి ఎరుపును గాఢపరుస్తాయి. గుడ్డకు మెత్తదనమూ, విడువని నూనె వాసనా అందువల్లనే వచ్చాయి. తలకు చలువ చేస్తుందనీ, దుమ్మును ఆపుతుందనీ కొన్నవారు దానిని కోరి కొనేవారు. అందానికి మించి ఒక పని చేయడం కోసం పోగుకు రసాయన సంస్కారం జరిపిన గుడ్డ గనుక, నేడు ఫంక్షనల్ టెక్స్‌టైల్ అనే పేరుతో చెలామణి అవుతున్న సరుకుల వంశవృక్షంలో చీరాల రుమాలుకు గౌరవస్థానం ఇవ్వడమే న్యాయం.

1869 నాటికి జర్మనీలో రసాయనవేత్తలు గ్రేబే, లీబర్మన్ తారు నుంచి తీసిన ఆంత్రసీన్‌తో అలిజరిన్‌ను కృత్రిమంగా తయారుచేయడంతో చిరివేరు తవ్వకం కాలక్రమాన అడుగంటింది. తేలియా విద్య ప్రధానంగా నల్గొండ ప్రాంతపు పుట్టపాకలో బతికి, 2020లో భౌగోళిక గుర్తింపు పొందింది. చీరాల మగ్గాలు ఎక్కువగా చీరలకు మళ్లాయి. పుట్టింట మరుగునపడిన విద్యకు మరో ఊళ్లో ఆయుష్షు దక్కడం సంతోషించదగినదే అయినా, చీరాలకు జరిగిన నష్టం చిన్నది కాదు.

పూత, ముడి, అంటు

పోగుకు కొత్త గుణం తెచ్చే మార్గాలు ముఖ్యంగా మూడు. మొదటిది గుడ్డ మీద పాలిమర్‌ను పొరగా పరచడం. మిరప కల్లాల్లో వాన ముంచుకొచ్చినప్పుడు రాశుల మీద కప్పే బరకాల్లో చాలావాటికి మూలం ఈ పద్ధతే; పాలిథిలీన్ పట్టీలతో నేసిన గుడ్డకు రెండు వైపులా అదే జాతి ప్లాస్టిక్ పొర వేస్తారు. రాశికి పనికివచ్చే ఈ పూత మనిషికి పనికిరాదు, ఎందుకంటే చుక్కను లోపలికి రానీయని పొర చెమట ఆవిరిని బయటికి పోనీయదు. భాద్రపద ఆశ్వయుజాల ఉక్కలో రబ్బరు పూత కోటు తొడుక్కొని చేలో సాళ్ల వెంట నడిచే మనిషికి వడదెబ్బ భయం మందు భయంకంటె దగ్గరగా ఉంటుంది గనుకనే అటువంటి కోట్లను ఎవరూ తొడగరు. దీనిని కూలీల అజాగ్రత్తగా చిత్రించే ప్రచార పత్రాలు అసలు కారణాన్ని చూడడం లేదు. నీటి చుక్క దూరలేనంత చిన్నవీ, ఆవిరి అణువు సులువుగా పోగలిగినవీ అయిన సూక్ష్మ రంధ్రాలుండే పాలియురిథేన్ పూతలు ఈ చిక్కును కొంత తీర్చాయి గాని వాటి ఖరీదు ఎక్కువ.

రెండోది పోగు లోపలి గొలుసులను ఒకదానికొకటి ముడివేయడం. నలగని చొక్కాల వెనుక ఉన్నది ఈ పద్ధతే. గుడ్డను ఒక రెజిన్ ద్రావణంలో ముంచి, రోలర్ల మధ్య పిండి, ఆరబెట్టి, 150 డిగ్రీల సెల్సియస్ ప్రాంతంలో వేడి పట్టిస్తే ఆ రెజిన్ పక్కపక్క గొలుసుల హైడ్రాక్సిల్ జంటలకు అడ్డంగా వంతెన కడుతుంది. ముడులు పెరిగినకొద్దీ ముడతలు తగ్గుతాయి, వాటితోపాటు గుడ్డ బలమూ తగ్గుతుంది. కొన్ని రెజిన్ల నుంచి ఫార్మాల్డిహైడ్ అనే హానికర వాయువు కొద్దికొద్దిగా వెలువడుతుంది. రసాయన సంస్కారాలన్నీ మేలే చేస్తాయనుకోరాదని చెప్పడానికి దీనికంటె గట్టి ఉదాహరణ నూనెనూ నీటినీ చిమ్మివేసే ఫ్లోరిన్ పూతలు: వాటి తయారీలోనూ అరుగుదలలోనూ పుట్టే పర్‌ఫ్లోరోఆక్టనోయిక్ ఆమ్లం నేలలోనూ రక్తంలోనూ ఏళ్ల తరబడి చెక్కుచెదరకుండా నిలుస్తున్నందున 2019లో స్టాక్‌హోం ఒప్పందం దానిని నిర్మూలించవలసిన పదార్థాల జాబితాలో చేర్చింది.

మూడోది, తోటమాలి కొమ్మకు అంటు కట్టినట్లు, పని చేయగల అణువును సెల్యులోజ్ గొలుసుకే సమయోజనీయ బంధంతో, అంటే ఎలక్ట్రాన్లను పంచుకొనే గట్టి బంధంతో, అతికించడం. ఈ అతుకు ఉతికినా సులువుగా ఊడదు, గుడ్డలోని రంధ్రాలనూ పూడ్చదు. బెంగళూరు పరిశోధకులు ఎంచుకున్నది ఈ దారినే.

ఆసుపత్రి విరుగుడు గుడ్డ మీదికి

ఆర్గానోఫాస్ఫేట్ జాతి పురుగుమందులు శరీరంలో ఎసిటైల్‌కొలినెస్టరేజ్ అనే ఎంజైమును బంధిస్తాయి. నరం నుంచి కండరానికి వార్త చేరవేసే ఎసిటైల్‌కొలిన్‌ను పని అయిన వెంటనే విరిచివేయవలసింది ఆ ఎంజైమే గనుక, అది స్తంభిస్తే వార్తలు ఆగక మోగుతూ కంటిపాప కుంచించుకుపోతుంది, చొంగ కారుతుంది, చెమటలు పోస్తాయి, చివరికి ఊపిరి కండరాలు చచ్చుపడతాయి. ఆసుపత్రుల్లో ఇందుకు అట్రోపిన్‌తోపాటు ఇచ్చే ప్రాలిడాక్సైమ్ అనే ఇంజెక్షన్‌లోని ఆక్సైమ్ సమూహం, ఎంజైమును పట్టుకున్న ఫాస్ఫరస్ మీద దాడిచేసి దానిని విడిపిస్తుంది.

బెంగళూరులోని ఇన్‌స్టెమ్ సంస్థలో ప్రవీణ్ కుమార్ వేముల బృందం ఆ సమూహాన్ని నెత్తురులోకి కాక నూలు మీదికి తెచ్చింది. సిలికాన్‌తో కూడిన ఒక లంకె ద్వారా ప్రాలిడాక్సైమ్‌ను సెల్యులోజ్‌కు అతికించగా, పురుగుమందు అణువు గుడ్డను తాకగానే అక్కడే జలవిశ్లేషణ చెంది, అంటే నీటి సహాయంతో రెండుగా తెగి, విషశక్తిని కోల్పోయింది. 2018లో ఇదే బృందం చర్మానికి రాసుకొనే లేపనంగా ఈ సూత్రాన్ని ప్రకటించింది. గుడ్డ రూపంలో అది కిసాన్ కవచ్ పేరుతో 2024 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వం చేతుల మీదుగా విడుదలైంది. ఉతికి ఏడాదిపాటు వాడుకోదగిన ఆ దుస్తుల ధర అప్పుడు 4,000 రూపాయలు.

ఆర్గానోఫాస్ఫేట్, కార్బమేట్ మందులను తెంచగల ఈ గుడ్డ మిగిలిన అన్నిటినీ తెంచుతుందని అనుకోరాదు. ఇమిడాక్లోప్రిడ్ వంటి నియోనికోటినాయిడ్ల అణు నిర్మాణం వేరు. అవి నరాలను దెబ్బతీసే తీరూ వేరు. ఒకే ట్యాంకులో రెండు మూడు మందులు కలిపి కొట్టే అలవాటున్న మిరప చేలల్లో, ఆక్సైమ్ అతుకుతోపాటు చుక్కను జారవిడిచే ఫ్లోరిన్ రహిత పూతను కూడా జతచేయడం తదుపరి పరిశోధనకు తగిన పని.

ఎవరి ఒంటికి

1987–88లో పత్తి మీద తెల్లదోమ విరుచుకుపడినప్పుడు గుంటూరు, ప్రకాశం రైతులు మందు మీద మందు కొట్టి, పంటా దక్కక, అప్పులపాలై ప్రాణాలు తీసుకున్న కాలాన్ని ఈ ప్రాంతం మరువలేదు. 2021లో మిరపను నల్ల తామర పురుగు కమ్మినప్పుడు పిచికారీలు మళ్లీ పెరిగాయి. 2017లో మహారాష్ట్రలోని యవత్మాల్ జిల్లాలో పత్తికి మందు కొడుతూ ఇరవైమందికి పైగా మరణించడం అన్ని పత్తి నేలలకూ హెచ్చరిక. ఇంత అవసరమున్న చోట 4,000 రూపాయల దుస్తులను ఎవరు కొనాలన్నది రసాయన ప్రశ్న కాకపోయినా గుడ్డ భవితవ్యాన్ని తేల్చేది అదే. పంపు భుజానికెత్తుకొనేవాడు తరచు రోజుకూలీ, లేదా పొలానికి పట్టా లేని కౌలుదారు. అటువంటివాడు తన సొమ్ముతో దీనిని కొంటాడని ఆశించడం అన్యాయం. పురుగుమందు అమ్మే కంపెనీల మీద ఈ ఖర్చులో కొంత మోపడం, మిగిలినది ప్రభుత్వం రాయితీగా భరించడం సమంజసం. ఇటువంటి గుడ్డల మీద ప్రభుత్వం సొమ్ము పెట్టడం కొత్త కాదు: సాంకేతిక జౌళి అనే ఈ జాతి సరుకుల కోసం 2020లో కేంద్రం ఆమోదించిన జాతీయ మిషన్‌కు కేటాయించినది 1,480 కోట్ల రూపాయలు.

చిలకలూరిపేట, గణపవరం మిల్లుల్లో ఇక్కడి దూది నూలవుతున్నది. నూలును గుడ్డగా నేసి, ఆ గుడ్డను శుద్ధిచేసి, ముంచి, పిండి, వేడి పట్టించే యూనిట్లు కూడా ఇక్కడే నెలకొంటే, వాడిన నీటిని శుభ్రపరిచే ఏర్పాటు మొదటి రోజు నుంచే ఉండాలి. ఇక దుస్తుల రూపాన్ని పంపు మోసే మగవాడి కొలతలకే పరిమితం చేయడం పొరపాటు. మందు కొట్టిన చేలో కలుపు తీసేదీ, కాయ కోసేదీ, కర్నూలు పడమటి మండలాల నుంచి కుటుంబాలతో వలస వచ్చేదీ ఎక్కువగా ఆడవారు. ఆకు మీద మిగిలిన మందు వారి ముంజేతులకూ మెడకూ అంటుతుంది. వారు చీర మీద తొడుక్కొనే పొడుగు చేతుల చొక్కానూ, తలకు చుట్టుకొనే తువ్వాలునూ ఇదే ఆక్సైమ్ నూలుతో విడివిడిగా తయారుచేసి, పూర్తి దుస్తులకంటె తక్కువ ధరకు కోతల ముందే ఊళ్లకు చేర్చగలిగితే, కవచం ఎక్కువమంది ఒంటిమీదికి వస్తుంది.