స్త్రీపాత్రలో నలువదియేండ్లు

రంగస్థలముపై ఒక నటుడు నలువది సంవత్సరములు నిలుచుట అరుదు. పురుషుడై పుట్టి స్త్రీపాత్రలను ధరించుచు అంతకాలము నిలుచుట మఱింత అరుదు. కంఠము బరువెక్కును; దేహము స్థూలించును; ఎంత రంగు పూసినను చెంపలపై వయస్సు దాగదు. ఇరువదియేండ్ల యువకునకు చెల్లిన వేషము నడివయస్సున నవ్వులపాలగుట సహజము. అట్లు గాక, ఏండ్లు గడచినకొలదియు కీర్తి పెంచుకొనిన నటుడొకరు మన గుంటూరుసీమలోనే పుట్టిరి. ఆయన స్థానము నరసింహారావుగారు. ఆయన అంతకాలము నిలుచుటకు కారణమేమో, నాకు తోచినంతవఱకు మనవి చేసెదను.

నేను బెల్లంకొండవాడను. 2022లో మా ఊరు పల్నాడు జిల్లాలో చేరినదిగాని, నరసింహారావుగారి కాలమున అదియు వారి బాపట్లయు ఒక్క గుంటూరు జిల్లాలోనివే. పల్నాటివీరుల కథను రాత్రులు మేల్కొని వినిన సీమ మాది. ఆ కథ పాడువాడు చీర కట్టడు, సొమ్ములు పెట్టడు. అయినను నాయకురాలు నాగమ్మ మాటలాడినప్పుడు ఒక స్త్రీయు, బాలచంద్రుని భార్య మాంచాల మాటలాడినప్పుడు వేఱొక స్త్రీయు మా కన్నులయెదుట నిలుచుదురు. వేషము లేకయే ఈ భేదమెట్లు కలిగెను? పాడువాడు ఇద్దఱి మనస్సులను వేఱువేఱుగ నెఱుగుటచేతనే. ఈ చిన్న విషయమును మనస్సున నుంచుకొనిన, నరసింహారావుగారి నటన మనకు సులభముగ బోధపడును.

ఆయన 1902లో బాపట్లలో జన్మించిరి. 1920లో ఆ ఊర ఆడవలసిన హరిశ్చంద్ర నాటకమునకు చంద్రమతి వేషధారి రాకపోగా, ఆ కొఱత తీర్చుటకై ఈయన చీర కట్టి రంగమెక్కిరి. పిమ్మట తెనాలి శ్రీరామవిలాససభలో చేరి ఆంధ్రదేశమెల్ల తిరిగిరి. రంగూనులో బంగారు కిరీటము నందుకొనిరి. 1956లో భారతప్రభుత్వము వారిని పద్మశ్రీ బిరుదముతో గౌరవించెను. 1971లో పరమపదించిరి.

ఆయన పాత్రలలో జనులు మొదట తలచుకొనునది శ్రీకృష్ణతులాభారములోని సత్యభామ. ముత్తరాజు సుబ్బారావుగారు రచించిన ఈ నాటకమున ‘మీరజాలగలడా’ యను పాటను నరసింహారావుగారు స్వయముగ కూర్చుకొనిరి. భర్త తన యాజ్ఞను దాటడను స్త్రీయొక్క ధీమాయే ఆ పాటకు ప్రాణము. ఆ ధీమాలో గర్వము కలదు, ప్రేమయు కలదు. గర్వమొక్కటే చూపినచో, తరువాత భర్తను నారదునకు దానమిచ్చి త్రాసుముందు కన్నీరు కార్చునప్పుడు ప్రేక్షకునకు జాలి కలుగదు. ప్రేమ యొక్కటే చూపినచో, ఆ పతనమునకు కారణమే కనబడదు. రెంటిని ఒక్క పాటలో కలిపి నిలుపవలెను. నటుడే పాటను కూర్చుకొనుటలోని అంతరార్థము ఇదియని నా తలంపు. పాత్రకు కావలసిన మాట ఏదో, పాత్రలో నివసించువానికే ముందు తెలియును. ఆ పాట నాటకముతో నిలిచిపోలేదు. 1966లో వచ్చిన చలనచిత్రమున పి. సుశీలగారి కంఠమున మరల వినబడెను.

ఇక ఆయన ధరించిన మూడు వేశ్యాపాత్రలను చూడుడు. విప్రనారాయణలోని దేవదేవి విరాగియైన భక్తుని తన వలలోనికి లాగ పూనినది. కాళ్లకూరి నారాయణరావుగారి చింతామణి తన విటుని పతనమును చూచి తానే వైరాగ్యమునకు మరలినది. గురజాడవారి మధురవాణియో, లోకమును నవ్వుచు చూచుచు, ఎదుటివాని లోతు మాటలోనే కొలుచునది. వృత్తి యొక్కటే, మనస్సులు మూడు. సామాన్యనటుడు ఈ మూటికిని ఒక్క ఓరచూపు, ఒక్క నడక చాలుననుకొనును. నరసింహారావుగారట్లు తలపలేదు. అందును కన్యాశుల్కము వాడుకమాటలతో నడచు వచననాటకము. పాటతో పేరు పొందిన నటునకు ఆ యాధారము అచట లేదు. వట్టి మాటతో, విరుపుతో నెగ్గవలెను. మోమున యౌవనమున్నదా లేదా యని ప్రేక్షకుడు వెదకుటకు ముందే పాత్రయొక్క మనస్సు వానిని పట్టుకొనవలెను. వయస్సు మీఱినను ఆయన నిలుచుటకు కారణమిదియే. సౌందర్యముపై ఆధారపడిన నటన సౌందర్యముతో పోవును. వివేకముపై ఆధారపడినది వయస్సుతోపాటు పండును.

ఇట్టివారు ఇతరదేశములందును కలరు. మహారాష్ట్రమున బాలగంధర్వులు ఈ విద్యలో ప్రసిద్ధులు. చీనాదేశపు మెయి లాన్‌ఫాంగ్ 1935లో మాస్కోనగరమునకు పోయి స్త్రీపాత్రల నభినయింపగా, రష్యా రంగస్థల మహామహులు తమ విద్యను మరల తరచి చూచుకొనిరి. స్త్రీని అనుకరింపక స్త్రీత్వమును భావింపజేయుట వారిని ఆశ్చర్యపఱచెను.

అయినను ఒక మాట చెప్పక తప్పదు. ఈ గొప్పకళ ఒక కొఱతనుండి పుట్టినది. కుటుంబస్త్రీ రంగమెక్కుట తప్పని జనులు తలచినందువలననే పురుషుడు చీర కట్టవలసివచ్చెను. సురభివారి సమాజములందు స్త్రీలు మొదటినుండియు నటించిరి. బళ్లారి రాఘవగారు విద్యావతులైన స్త్రీలను రంగస్థలమునకు పిలిచిరి. 1940 తరువాతి తొలి యేండ్లలో వచ్చిన సత్యభామ చలనచిత్రమున పుష్పవల్లిగారు సత్యభామ కాగా, నరసింహారావుగారు శ్రీకృష్ణుడైరి. కాలము మారుచున్నదని ఇంతకంటె స్పష్టముగ ఏది చెప్పగలదు? స్త్రీ తన పాత్రను తాను ధరించుట న్యాయము. ఆ న్యాయము జరిగినందులకు చింతింపబని లేదు.

చింతింపవలసినది మఱియొకటి కలదు. పురుషుడు స్త్రీపాత్ర ధరించునపుడు, తనకు తెలియని మనస్సును అడుగడుగున ఆలోచించి తెలిసికొనవలసియుండెను. స్వభావముచే వచ్చునని యూరకుండుటకు వీలు లేదు. చీర కట్టు పురుషులతోపాటు ఆ శ్రమయు రంగస్థలమును విడిచిపోరాదు. నేడు రాజు వేషము కట్టువానికి రాజుల బ్రతుకు తెలియదు. కాటికాపరి వేషము కట్టువానికి శ్మశానము తెలియదు. ఎవరి పాత్రయైనను పరాయిదే. పరాయి మనస్సును తనదిగ చేసికొనుటకు పడు శ్రమయే నటన. నలువదియేండ్ల నటజీవితముచే నరసింహారావుగారు మనకిచ్చిపోయిన పాఠమిదియే. నాటకములాడు మన గ్రామయువకులు దీనిని గ్రహింతురుగాక!