క్యూబా 'నీలి తేలు' విషం: క్యాన్సర్ చుక్కల సీసాలో అసలు ఏముంది?

క్యూబాలో ఈ తేలుకు 'ఎర్ర తేలు' అన్న పేరూ ఉంది. ఒళ్లు ఎరుపు కలిసిన గోధుమ రంగు, తోక మాత్రం నలుపు, నీలం కలిసినట్టు ఉంటుంది. క్యాన్సర్ మందుగా విదేశాల్లో ప్రచారమైంది మాత్రం 'నీలి తేలు' పేరుతోనే. 2017 వరకు దీని శాస్త్రీయ నామం రోపాలూరస్ జున్సియస్, ఇప్పుడు హెటెరోక్టీనస్ జున్సియస్. కుడితే నొప్పి తప్పదు కానీ, మన దగ్గరి ఎర్ర తేలులా ప్రాణం మీదకు తెచ్చే రకం కాదు.

1980ల్లో గ్వాంటనామోకు చెందిన జీవశాస్త్రవేత్త మిసాయెల్ బోర్డియర్ దీని విషాన్ని నీటిలో కలిపి ప్రయోగాలు మొదలుపెట్టారు. ఆ ద్రావణం 'ఎస్కోజుల్' పేరుతో ప్రచారమైంది. 2010లో ప్రభుత్వ సంస్థ లాబియోఫామ్ 'విడాటాక్స్ 30సీహెచ్' తెచ్చింది. ఇది నాలుక కింద వేసుకునే హోమియో చుక్కల మందు.

అసలు సంగతి ఆ '30సీహెచ్'లోనే ఉంది. మన హోమియో సీసాల మీదా ఇలాంటి అంకెలే కనిపిస్తాయి. ఒక పాలు విషానికి 99 పాళ్ల ద్రవం కలపాలి. అందులోంచి ఒక పాలు తీసి మళ్లీ 99 పాళ్లలో కలపాలి. ఇలా 30 సార్లు. అంటే ఒకటి పక్కన 60 సున్నాలు పెడితే వచ్చేంత పలచన. లెక్క ప్రకారం 12వ సారి దాటేసరికే విషం అణువు ఒక్కటైనా మిగలడం అనుమానం.

తేలు విషంపై పరిశోధన మొత్తం బూటకమేమీ కాదు. డెత్‌స్టాకర్ అనే ఎడారి తేలు విషంలోని క్లోరోటాక్సిన్ మెదడు కణితి కణాలకు అతుక్కుంటుంది. ఆపరేషన్‌లో కణితి అంచులు వెలుగుతూ కనిపించేలా చేయడానికి దాని ఆధారంగా తయారైన పదార్థాన్ని రోగుల్లో పరీక్షించారు. క్యూబా తేలు విషం కూడా ప్రయోగశాలలో కొన్ని క్యాన్సర్ కణాలను చంపింది. కానీ గాజు పాత్రలోని కణాలను బ్లీచింగ్ పౌడర్ కూడా చంపుతుంది. పైగా అక్కడ వాడింది అసలు విషం, సీసాలోని చుక్కలు కాదు. ఆ చుక్కలు మనుషుల్లో క్యాన్సర్‌ను తగ్గిస్తాయని క్లినికల్ ట్రయల్స్‌లో రుజువు కాలేదు.

2017లో ఇటలీ పరిశోధకులు విడాటాక్స్‌నే కాలేయ క్యాన్సర్ కణాలపైనా, ఎలుకలపైనా పరీక్షించారు. కణితి తగ్గకపోగా పెరిగినట్టు తేలింది. విషమే మిగలని ద్రవం అలా ఎందుకు పనిచేసిందన్నది వేరే ప్రశ్న. అది మనుషులపై జరిగిన పరీక్ష కూడా కాదు. అయినా 'వేసుకుంటే పోయేదేముంది' అన్న ధీమాకు మాత్రం ఆధారం లేదు. ఆపరేషన్‌కో, కీమోకో వెళ్లాల్సిన వారాలు ఈ చుక్కలతో గడిచిపోతే, ఆలోపు కణితి చికిత్సకు లొంగని దశకు చేరవచ్చు.