చివరి కొండ

బ్రిటన్‌లో ఉద్యోగం చేసుకుంటూ సైకిల్ పందేలలో పాల్గొనే ఔత్సాహికులకు వసంతంలో మొదలైన రోడ్డు పందేలు శరదృతువుతో ముగుస్తాయి. గుంపుగా సాగే పోటీలు ఆగిపోయాక మిగిలేది కొండ ఎక్కే పందెం. లండన్‌కు చెందిన క్యాట్‌ఫర్డ్ సైక్లింగ్ క్లబ్బు దీనిని 1887లో ప్రారంభించింది. నేడు కెంట్ కౌంటీలోని యార్క్స్ హిల్‌పై అక్టోబరులో నిర్వహిస్తోంది.

దారి పొడవు ముప్పావు కిలోమీటరైనా ఉండదు. కానీ కొన్నిచోట్ల నాలుగడుగులు ముందుకు సాగితే ఒక అడుగు పైకి లేస్తుంది. ఒక్కొక్కరుగా బయలుదేరాలి, ముందున్నవారి చాటున గాలిని తప్పించుకునే వీలు లేదు. బరువు తగ్గించుకోవడానికి హ్యాండిల్‌కు చుట్టిన టేపును సైతం ఊడదీస్తారు. కొందరు హ్యాండిల్ వంపులనే రంపంతో కోసివేస్తారు. (మనకు నవ్వు రావచ్చు, వారికి రాదు!) శిఖరం చేరగానే కూలబోయేవారిని పట్టుకోవడానికి మనుషులు సిద్ధంగా నిలబడతారు.

ఈ కొద్ది నిమిషాల కోసం ఏడాది పొడవునా ఎన్నో తెల్లవారుజాములు, ఆదివారాలు ఖర్చయ్యాయి. అవి సైకిలు తొక్కినవారివి మాత్రమే కావని మేము భావిస్తాము. ఆ వేళల్లో పిల్లలను, ఇంటిని చూసుకున్నవారి వాటా అందులో ఉంది. ఫలితాల పట్టికలో వారి పేరు కనబడదు.

పందేల కాలం ముగిశాక కొన్ని వారాల విశ్రాంతి శిక్షణలో భాగమే. అలసిన కండరాలు కోలుకోవాలి. అయినా కొందరు ఆగలేక శీతకాలపు బురద పందేలకు వెంటనే పేరు నమోదు చేసుకుంటారు. మా దృష్టిలో యార్క్స్ హిల్ కంటే కఠినమైన ఘట్టం ఇదే. అక్టోబరు చివరి ఆదివారం బ్రిటన్‌లో గడియారాలను ఒక గంట వెనక్కి జరుపుతారు. ఆ గంటను ఎవరికిస్తారో ఇంటివారు గమనిస్తూనే ఉంటారు.